నోరు తెరిస్తే ఉద్యోగం పోని ఆసుపత్రి కావాలి

2020వ సంవత్సరం క్యాలెండరు తీసి కొన్ని తేదీలు ఒకదాని కింద ఒకటి రాసుకుందాం.

మార్చి 22. దేశమంతా గుమ్మాల్లో నిలబడి డాక్టర్ల కోసం, నర్సుల కోసం చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. ఏప్రిల్ 5. దీపాలు వెలిగించింది. ఏప్రిల్ 8. వైద్య సిబ్బందికి రక్షణ సామగ్రి ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించింది. అదే ఏప్రిల్ 8. మాస్కులు లేవని బయటికి చెప్పిన డాక్టర్ సుధాకర్ గారిని మన రాష్ట్ర ప్రభుత్వం సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 22. వైద్య సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే ఐదేళ్ల దాకా, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అని కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. మే 3. ఆసుపత్రుల మీద హెలికాప్టర్లతో పూలు చల్లించారు. మే 16. విశాఖపట్నంలో పట్టపగలు, జాతీయ రహదారి మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టేసిన డాక్టర్ సుధాకర్‌ని లోకమంతా ఫోన్లలో చూసింది. పోలీసు కానిస్టేబులు లాఠీతో కొట్టడమూ చూసింది.

పూలు పైనుంచి పడ్డాయి. లాఠీ కూడా పైనుంచే పడింది. మధ్యలో పదమూడు రోజులే తేడా.

ఆయన చేసిన నేరమేమిటి? నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో ఆయన మత్తు డాక్టరు. మన వాడల నుంచి చదువుకొని పైకొచ్చిన దళిత డాక్టరు. మత్తు ఇచ్చే డాక్టరు రోగి ముఖం మీదికి వంగి పని చెయ్యాలి, గొంతులోకి గొట్టం వెయ్యాలి. రోగి ఊపిరి ముందుగా తగిలేది ఆయనకే. ఒకే మాస్కును పదిహేను రోజులు వాడమంటున్నారు, ఇట్లా అయితే ప్రాణాలకు తెగించి వైద్యం చేసేదెట్లా అని ఆయన అడిగారు. అదే ఆయన నేరం.

తర్వాత జరిగింది మీకు తెలిసిందే. తాగి గొడవ చేశాడని పోలీసులన్నారు. మానసిక చికిత్సాలయంలో పెట్టారు. హైకోర్టు కలగజేసుకుంది. మేజిస్ట్రేటు వెళ్లి ఆయన వాంగ్మూలం తీసుకున్నారు. మేజిస్ట్రేటు రాసిన గాయాలకూ ప్రభుత్వం చెప్పిన గాయాలకూ పొంతన కుదరలేదు. మే 22న కేసును సీబీఐకి అప్పగించారు. జూన్ మొదటి వారంలో గానీ ఆయన ఆసుపత్రి గోడలు దాటి బయటికి రాలేదు. ఏడాది తిరిగేసరికి, 2021 మే 21న, గుండెపోటుతో చనిపోయారు.

అప్పుడు ఒక పార్టీ వాళ్లు ఆయన మనిషి అవతలి పార్టీ అన్నారు. ఇంకో పార్టీ వాళ్లు ఆయన ఫోటో పట్టుకొని ఊరేగారు. నాకు ఆ రెండు పార్టీలతోనూ పనిలేదు. ఒక సంగతి మాత్రం అడగాలి. ఆ ఏప్రిల్ 8న సస్పెండయింది ఒక్క సుధాకరేనా? ఆ రోజు ఈ రాష్ట్రంలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి ఆసుపత్రిలో, స్టాకు గది ఖాళీగా ఉన్న సంగతి తెలిసిన ప్రతి మనిషి గొంతూ సస్పెండయింది. కాగితం మీద ఒక పేరు, లోపల ఎన్ని వేల పేర్లో.

ఆ పేర్లలో మా ఇంటి పేరు కూడా ఉంది. అదే ఇప్పుడు రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయలేదు, సిగ్గేసి.

మా పిన్నమ్మ కూతురు మా పల్లెలో ఆశా కార్యకర్త. పదో తరగతి చదివింది. 2021 వేసవిలో రెండో దెబ్బ కొట్టినప్పుడు రోజుకు యాభై అరవై గడపలు తొక్కేది. జ్వరం చూడాలి, ఆక్సిజన్ మిషను వేలికి పెట్టి చూడాలి, కాగితం నింపాలి, మందుల కిట్టు ఇవ్వాలి. ఆమెకు వాళ్ల ఆసుపత్రి నుంచి అందినవి నాలుగు గుడ్డ మాస్కులు, ఒక శానిటైజర్ సీసా. మిగతావి "వస్తాయి, వస్తాయి" అన్నారు. ఒకరోజు సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి అరుగు మీద దూరంగా కూర్చుంది.

"అన్నయ్యా, నాకు ఒళ్లు వెచ్చగా ఉంది. రేపు మీటింగులో చెబుదామనుకుంటున్నా. గ్లౌజులు ఇవ్వకుండా తిప్పుతున్నారని కూడా చెబుతా. చెప్పమంటావా?"

నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నవాణ్ణి. సంఘం మీటింగుల్లో మైకు పట్టుకొని మాట్లాడేవాణ్ణి. మా నాయన పాలేరుతనం చేసి, ఆసామి ముందు తువ్వాలు తీసి నిలబడిన మనిషి. ఆయన కొడుకుగా నేను ఎవరి ముందూ తువ్వాలు తీయనని ఒట్టేసుకున్నవాణ్ణి. ఆ పూట ఏమన్నానో తెలుసా?

"ఇప్పుడెందుకమ్మా, ఊరుకో. డాక్టరు సుధాకర్‌నే ఏం చేశారో చూశావుగా. నువ్వెంత?"

ఆమె ఊరుకుంది. మరో మూడు రోజులు ఆ జ్వరంతోనే గడపగడపకూ తిరిగింది. నాలుగోనాడు కూలబడింది. దేవుడి దయో, వయసు బలమో బతికింది. ఆ మూడు రోజుల్లో ఆమె వెళ్లిన ఇళ్లలో ఇద్దరు ముసలివాళ్లు ఆ నెలలోనే పోయారు. ఎవరి నుంచి ఎవరికి అంటిందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు ఊరంతా జబ్బే. కానీ ఆ ఇళ్ల ముందుగా నడిచేటప్పుడు ఆమె తల ఇప్పటికీ వంగుతుంది. ఆ తల వంచింది జబ్బు కాదు, నా మాట.

ఇంకో సంగతి కూడా ఉంది. కరోనా పనిలో ప్రాణం పోతే ఆశాలకూ, పారిశుద్ధ్య కార్మికులకూ కలిపి యాభై లక్షల బీమా అని 2020 మార్చిలో కేంద్రం ప్రకటించింది. దానికి పరీక్ష రిపోర్టు కావాలి, డ్యూటీలో ఉన్నట్టు ఆసుపత్రి కాగితం కావాలి. జబ్బు సంగతి దాచుకున్న మనిషికి ఏ రిపోర్టు ఉంటుంది? ఏ కాగితం ఇస్తారు? నోరు మూసుకోమన్నవాళ్లే రేపు నీ దగ్గర కాగితం లేదంటారు. భయపడ్డ మనిషికి రెండుసార్లు నష్టం.

బడిలో పనిచేసేవాణ్ణి కాబట్టి నాకు ఈ భయం సంగతి బాగానే తెలుసు. బెత్తం పట్టుకొని పాఠం చెప్పే అయ్యవారి తరగతిలో "అర్థమైందా?" అంటే అందరూ "అయిందండీ" అంటారు. పరీక్షలో అందరూ తప్పుతారు. బెత్తం పెట్టని తరగతిలో పిల్లలు "సార్, ఇది అర్థం కాలేదు" అని లేచి నిలబడతారు. బయటినుంచి చూసే ఇన్‌స్పెక్టరుకు మొదటి తరగతి గొప్పగా కనపడుతుంది. రెండోదాంట్లో గోల ఎక్కువ, తప్పులెక్కువ అనిపిస్తుంది. కానీ చదువొచ్చేది గోల ఉన్న తరగతిలోనే.

ఆసుపత్రుల్లో సరిగ్గా ఇదే సంగతిని అమెరికాలో ఆమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో కనిపెట్టింది. మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె వార్డులవారీగా లెక్క తీసింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క తిరగబడింది. మంచి వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, అక్కడి నర్సులు పొరపాటు జరిగితే చెప్పుకుంటున్నారు, దిద్దుకుంటున్నారు. చెడ్డ వార్డుల్లో జరిగినా దాచేస్తున్నారు. మాట్లాడితే తిట్టరు, తొలగించరు అనే నమ్మకాన్ని వాళ్లు మానసిక భద్రత అంటున్నారు. మన భాషలో చెప్పాలంటే గుండె దిటవు. మాస్కు ముక్కుకు ఎంత ముఖ్యమో ఆపద కాలంలో ఇది ఆసుపత్రికి అంత ముఖ్యం.

అమెరికా పుస్తకంలో ఉండనిది, మన దగ్గర ఉన్నది ఒకటుంది. ఇక్కడ భయానికి కులం ఉంది.

ఆసుపత్రి గడప దగ్గర నిలబడి లెక్కపెట్టండి. రక్తం గుడ్డలు ఎత్తేదెవరు? మరుగుదొడ్లు కడిగేదెవరు? శవాన్ని మూటకట్టి బండెక్కించేదెవరు? పసుపుపచ్చ సంచుల్లో కరోనా చెత్త మోసిందెవరు? ఎక్కువమంది మన వాడల వాళ్లే. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కూడా కాదు, కాంట్రాక్టరు మనుషులు. ఈ పూట మాట్లాడితే రేపు పొద్దున హాజరుపట్టీలో పేరుండదు. సస్పెన్షన్ కాగితం కూడా రాదు, ఎందుకంటే నియామకం కాగితమే లేదు. ఆశా కార్యకర్తకు 2019లో మన రాష్ట్రంలో నెలకు పదివేలు చేశారు, సంతోషమే. కానీ పథకం లెక్కలో ఆమె ఈనాటికీ ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. జబ్బు ఎక్కువగా ముట్టుకునే చేతులకే మాట తక్కువ. మాట ఎక్కువ ఉన్నవాళ్లు ఏసీ గదిలో కూర్చొని వీడియో కాన్ఫరెన్సులో "అంతా బాగుంది సార్" అని చెబుతారు.

చదువుకొని డాక్టరైతే ఈ భయం పోతుందా? 2019 మే 22న ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ డాక్టరు ఉరేసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని కేసు నడిచింది. ఆమె తెల్లకోటు వేసుకున్నదే, సుధాకర్ గారూ తెల్లకోటు వేసుకున్నవారే. కోటు తెల్లగా ఉన్నా దాని కింద కులాన్ని వెతికే కళ్లు అట్లాగే ఉన్నాయి.

కొందరు మిత్రులు అడ్డం చెబుతారు. ఆపద కాలంలో క్రమశిక్షణ కావాలి, యుద్ధంలో సిపాయి ఎదురు అడుగుతాడా అంటారు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది, పత్రికల వాళ్లతో కాకుండా పై అధికారితో చెప్పుకోవాల్సింది అంటారు. నేనూ ప్రభుత్వ జీతం తీసుకునేవాణ్ణే, ఆ నియమావళి నాకూ తెలుసు. కానీ లోపల చెప్పుకుంటే వినే చెవి ఉంటే బయటికెందుకు వస్తారు? లోపలి తలుపు మూసి, బయటి తలుపు దగ్గర లాఠీ పెడితే మనిషి ఎటు పోవాలి? 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆక్సిజన్ లేదని, మంచం లేదని జనం మొరపెట్టుకుంటే వాళ్ల నోరు నొక్కితే కోర్టు ధిక్కారం కింద చూస్తామంది. ఇక ఆ రోజు ఆయన తాగి ఉన్నారంటారా? తాగిన మనిషినైనా చేతులు విరిచి కట్టి రోడ్డు మీద కొట్టమని ఏ చట్టంలో రాసి ఉంది?

నోరు నొక్కితే జబ్బు ఆగదు. చైనాలోని వూహాన్‌లో లీ వెన్‌లియాంగ్ అనే కంటి డాక్టరు 2019 డిసెంబరు 30న తోటి డాక్టర్లను జాగ్రత్తగా ఉండమన్నాడు. 2020 జనవరి 3న పోలీసులు పిలిపించి, పుకార్లు పుట్టిస్తున్నావని సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆ జబ్బుతోనే చనిపోయాడు. సంతకం ఫైల్లో ఉంది. జబ్బు లోకమంతా తిరిగింది.

మన దేశంలో ఇంకా పాత కథ ఉంది. 1897లో పూనాలో ప్లేగు వచ్చింది. తెల్లదొరలు అంటువ్యాధుల చట్టం తెచ్చారు. 2020లో మన ప్రభుత్వాలు బయటికి తీసింది ఆ చట్టాన్నే. అప్పుడు సోల్జర్లు ఇళ్లల్లో దూరి సోదాలు చేశారు. జనం బెదిరిపోయి రోగుల్ని దాచిపెట్టారు. దాచినకొద్దీ ప్లేగు పెరిగింది. అదే పూనాలో, అదే ఏడాది, అరవై అయిదు దాటిన ఒక ముసలమ్మ ఊరి బయట వైద్యశాల పెట్టించింది. పెంపుడు కొడుకు యశ్వంత్ డాక్టరు. ముండ్వాలో మహర్ల ఇంట్లో ఒక పిల్లవాడు ప్లేగుతో పడి ఉన్నాడని తెలిసి ఆమే వెళ్లి, వీపు మీద మోసుకొచ్చింది. ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. ఆమె సావిత్రీబాయి ఫూలే.

సోల్జర్లను చూసి తలుపులు వేసుకున్న జనమే సావిత్రీబాయిని చూసి తలుపులు తీశారు. ఎందుకని? ఆమె ముందు నిలబడింది గనుక, ముట్టుకుంది గనుక. నాయకత్వమంటే నేను ఇంతకంటే వివరంగా చెప్పలేను. అందరు నాయకులూ చచ్చిపోవాలని నేననడం లేదు. కింది మనిషికి ఉన్న ప్రమాదంలో పై మనిషి కూడా భాగం పంచుకుంటే అప్పుడు కింది మనిషి నిజం చెబుతాడు.

అటువంటివాళ్లు ఇప్పుడూ లేకపోలేదు. మా పక్క మండలంలో ఒక డాక్టరమ్మ ఉండేది. పేరు రాస్తే ఆమెకు ఇబ్బంది. కరోనా రోజుల్లో పొద్దున్నే అందరినీ వేపచెట్టు కింద దూరదూరంగా కూర్చోబెట్టేది. మొదటి రోజే "నాకూ భయమేస్తోంది, మీకూ వేస్తుంది, దాచుకోవద్దు" అందట. మొదట మాట్లాడవలసింది ఊడ్చే మనిషి. తర్వాత ఆయా, తర్వాత ఆశాలు, తర్వాత నర్సులు, చివర డాక్టరు. ఉన్న కిట్లను బల్ల మీద పెట్టి అందరి ముందూ లెక్కపెట్టేది. తక్కువొస్తే ముందు చెత్త మోసే మనిషికి, తర్వాత తనకు. ఊడ్చే మనిషే ఒకరోజు చెప్పిందట, "అమ్మా, జరమొచ్చినవాళ్లూ బాలింతలూ ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటన్నారు" అని. అంత చదువుకున్న డాక్టరమ్మకు ఆ సంగతి తట్టలేదు. ఆ పూటే బాలింతలకు వేరే ఏర్పాటు చేసింది. దీనికి ఎంత ఖర్చయింది? పది నిమిషాలు, ఒక వేపచెట్టు.

అందుకే మన సంఘాలు ఇక మీదట ఆసుపత్రి మంచాలు, అంబులెన్సులతో పాటు ఈ కోరికలు కూడా పెట్టాలి.

ఒకటి. మందులు లేవని, మాస్కులు లేవని, పొరపాటు జరిగిందని చెప్పిన సిబ్బందిని ఆ కారణంతో సస్పెండ్ చెయ్యగూడదు, తొలగించగూడదు. కాంట్రాక్టు మనుషులకు కూడా ఇది వర్తించాలి. దీనికి జీవో కావాలి, నోటిమాట చాలదు.

రెండు. ప్రతి ఆరోగ్య కేంద్రంలో వారానికొకసారి అందరూ కూర్చొనే మీటింగు. మొదటి మాట పారిశుద్ధ్య కార్మికులది. చెప్పింది రిజిస్టర్లో రాయాలి. ఏం చేశారో పై వారం చదివి వినిపించాలి.

మూడు. రక్షణ సామగ్రి ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చారు అనేది గోడ మీద రాయాలి. రాయకపోతే సమాచార హక్కు చట్టం కింద స్టాకు రిజిస్టరు నకలు అడుగుదాం. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. దారిద్య్రరేఖ కింద ఉన్నవాళ్లు అడిగితే ఫీజు లేదు. ఉద్యోగి అడిగితే పగబడతారు, కాబట్టి ఊళ్లోవాళ్లం మనం అడుగుదాం. వాళ్ల భయాన్ని మనం కొంత మొయ్యాలి.

నాలుగు. కులం పేరుతో వేధింపు జరిగితే అది ఆసుపత్రి లోపలి వ్యవహారం కాదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోదు.

ఇంకొక కోరిక ఉంది. అది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనల్ని మనం అడుక్కునేది. మన సంఘం మీటింగుల్లో ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు? వెనక వరసలో, చాప చివర. పిల్లలు నాయకుణ్ణి ఒక మాట అడిగితే "నిన్నగాక మొన్న వచ్చావ్, నీకేం తెలుసు" అంటున్నామా లేదా? చందా లెక్క అడిగినవాణ్ణి అవతలివాళ్ల మనిషి అని ముద్ర వేస్తున్నామా లేదా? ఆ ముద్రనే కదా సుధాకర్ గారికి వేశారు. మన చాప మీద నోరు తెరవలేని మనిషి, కలెక్టరు ముందు తెరుస్తుందా? నా మట్టుకు నేను మా అరుగు మీదే ఒక నోరు మూయించాను. అందుకే ఇది నాకు నేను చెప్పుకుంటున్నది కూడా.

పోయిన నెల మా చెల్లెలు మళ్లీ వచ్చింది. వాళ్ల ఆసుపత్రిలో పాప బరువు చూసే కాటా తప్పు చూపిస్తోందట. తక్కువ బరువు పిల్లలు సరైన బరువున్నట్టు రాసిపోతున్నారట. "చెప్పమంటావా అన్నయ్యా?" అనలేదు ఈసారి. "రేపు చెబుతున్నా. నువ్వు కూడా వచ్చి బయట నిలబడు" అంది.

వెళ్లాను. గేటు బయట చెట్టు కింద గంటసేపు నిలబడ్డాను. మన పల్లె నుంచి ఇంకో పదకొండు మంది వచ్చి నిలబడ్డారు. ఎవరూ కేకలు వెయ్యలేదు, జెండాలు పట్టలేదు. లోపల ఆమె మాట్లాడుతుంటే బయట మేమున్నామని లోపలివాళ్లకు తెలిసింది, అంతే. కాటా మార్చారు.

అన్నలారా, అక్కలారా! రేపు ఇంకో జబ్బు వస్తుంది. రాదని ఎవరూ పూచీ ఇవ్వలేరు. అప్పుడు కూడా మొదట చూసేది మన ఆశా, మన ఆయా, మన పాకీ పనిచేసే అన్న, మన సుధాకర్. వాళ్లు నోరు తెరిచిన రోజున గేటు బయట మనం పదిమందిమి నిలబడి ఉండాలి. 2020 మే 16న ఆ రోడ్డు మీద జనం చాలామందే ఉన్నారు. ఫోన్లు పట్టుకొని ఉన్నారు. అడ్డం వెళ్లాల్సిన చేతులు ఫోన్లు పట్టుకొని ఉండిపోయాయి. ఇంకోసారి అట్లా జరగగూడదు.

జై భీమ్.